యంత్రం కొనేముందు తీగలు లెక్కపెట్టండి



క్రిస్మస్ కార్యక్రమాలు, ఉజ్జీవ సభలు దగ్గర పడుతుంటే యౌవనస్థుల పాటల బృందాలవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా బృందంలో కీబోర్డు ఉంది, డోలక్ ఉంది, ప్యాడ్స్ ఉన్నాయి. వేణువు, వయొలిన్లు, బేస్ గిటారు వాయించేవారు లేరు. అవి ట్రాకులో పెట్టుకొని, మిగతావి మేమే వాయిస్తూ పాడాలని ఉంది. తక్కువ ఖర్చులో ఏ యంత్రం కొనమంటారు?" ఈ నెల మన శీర్షికను ఈ ప్రశ్నకే కేటాయిస్తున్నాము.

యంత్రం సంగతికి ముందు డబ్బు సంగతి ఒక్కమాట. పల్లెలో పాటల బృందం చేతికి వచ్చే డబ్బు ఊరికే వచ్చేది కాదు. అది స్త్రీల సమాజంవారు పిడికెడు పిడికెడు బియ్యం కూడబెట్టి అమ్మిన సొమ్ము. కూలికి వెళ్లిన తల్లులు, తండ్రులు ఆదివారం కానుకగా వేసిన నోట్లు. గోపురం కట్టదలచినవాని ఉపమానం మనకందరికీ తెలిసినదే. దుకాణంలో మెరిసే పెట్టెను చూసి మురిసిపోయి తెచ్చుకొని, రెండు సభలు కాగానే బీరువాలో పెట్టి తాళం వేసిన బృందాలు లేకపోలేదు. ఆ పెట్టె చెడ్డది కాదు. వారి అవసరం వేరు, పెట్టె చేసే పని వేరు. అంతే.

కాబట్టి "ఏ కంపెనీ మంచిది?" అనే ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ముందు ఈ ప్రశ్న వేసుకోవాలని మా సలహా: "మన యంత్రంలోనుంచి వేర్వేరుగా ఎన్ని తీగలు బయటికి రావాలి?" ఈ ఒక్క లెక్క తేలితే సగం పైన నిర్ణయం జరిగిపోయినట్లే. ఎందుకో చెప్పుతాము.

సాధారణంగా మనం వాడే ట్రాకులో సంగీతమంతా ఒకే ముద్దగా ఉంటుంది. అందులో వేణువు ఎక్కువైతే తగ్గించలేము. డోలక్ వాయించే తమ్ముడు మన మధ్యనే ఉన్నా ట్రాకులోని డోలక్‌ను ఆపలేము. ఆ తమ్ముడు చేతులు కట్టుకొని పక్కన నిలబడవలసిందే. వేర్వేరు ట్రాకుల పద్ధతి అలా కాదు. వేణువు ఒక ట్రాకు, బేస్ ఒక ట్రాకు, తాళవాద్యాలు ఒక ట్రాకు, కోరస్ ఒక ట్రాకు. అన్నీ ఒకేసారి, ఒకే వేగంతో నడుస్తాయి గాని, దేనికది పెంచవచ్చు, తగ్గించవచ్చు, పూర్తిగా ఆపవచ్చు. డోలక్ తమ్ముడు వచ్చిన రోజున డోలక్ ట్రాకును ఆపివేస్తాము. అతనికి జ్వరమొచ్చిన రోజున దాన్ని తెరుస్తాము. ఉన్నవారికి చోటు ఇస్తూ లేనివారి లోటు తీర్చడమే ఈ పద్ధతిలోని మేలు.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. 1979లో టాస్కామ్ కంపెనీవారు 'పోర్టాస్టూడియో 144' అనే యంత్రాన్ని తెచ్చారు. మామూలు క్యాసెట్ మీదనే నాలుగు ట్రాకులు వేర్వేరుగా రికార్డు చేయడం దానితో సాధ్యమైంది. 1990లలో అలేసిస్ వారి 'ఏడాట్' యంత్రం వీడియో టేపు మీద ఎనిమిది ట్రాకులు నడిపింది. అవి ఆనాడు స్టూడియోలకు, పట్టణ బృందాలకే అందేవి. ఈనాడు అదే పనిని మన ఇంటిలోని ఫోను, పాత ల్యాప్‌టాప్ చేయగలవు. అందుకే పల్లె బృందాలకు కూడా ఇది అందుబాటులోకి వచ్చింది.

ఇక తీగల లెక్కకు వద్దాము.

ట్రాకుతో కలిసి వాయించేవారు తప్పకుండా ఒక శబ్దం వినాలి. దానిని 'క్లిక్' అంటారు. గడియారం ముల్లులా టిక్, టిక్ అని తాళం చూపించే శబ్దమిది. ట్రాకులో వేణువు ఆగి నాలుగు దెబ్బలు ఖాళీ వచ్చినప్పుడు మనవాళ్లు తాళం తప్పకుండా ఉండేది ఈ క్లిక్ వల్లనే. ఇది వాయించేవారి చెవికి మాత్రమే వినబడాలి, సభకు వినబడరాదు. అంటే కనీసం రెండు తీగలు కావాలి: ఒకటి సంగీతాన్ని మైకు సెట్టు మిక్సర్‌కు తీసుకుపోయేది, రెండవది క్లిక్‌ను తాళం పట్టేవారి హెడ్‌ఫోన్‌కు తీసుకుపోయేది. ఇంతకంటె తక్కువతో పని జరుగదు. చాలా బృందాలకు ఇంతకంటె ఎక్కువ అవసరం కూడ లేదు.

మొదటి మెట్టు: రెండు తీగలు. దీనికి కొత్త యంత్రమేమీ కొననక్కరలేదు. మీ ఫోనులోని హెడ్‌ఫోన్ రంధ్రం ఎడమ, కుడి అని రెండు దారులు ఇస్తుంది. పాటను తయారుచేసేటప్పుడే క్లిక్ అంతా ఎడమ వైపున, సంగీతమంతా కుడి వైపున ఉంచాలి. కంప్యూటర్‌లో 'ఆడాసిటీ' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఈ పని చేసుకోవచ్చు. క్లిక్‌ను తయారుచేసే ఏర్పాటు కూడ దానిలోనే ఉంది. ఒక చివర ఫోనులో పెట్టే చిన్న పిన్ను, రెండవ చివర రెండు పెద్ద పిన్నులు ఉండే కేబుల్ ఒకటి కొనండి. కుడి పిన్ను మిక్సర్‌కు, ఎడమ పిన్ను చిన్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్‌కు. హెడ్‌ఫోన్ రంధ్రం లేని ఫోనులకు ఛార్జింగు రంధ్రంలో పెట్టే చిన్న ఎడాప్టర్ దొరుకుతుంది.

ఇందులో మూడు జాగ్రత్తలు. ఫోను సెట్టింగులలో 'మోనో ఆడియో' అనేది ఆపి ఉండాలి. లేకపోతే రెండు వైపులూ కలిసిపోయి టిక్ టిక్‌మని సభంతా వినబడుతుంది. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. ప్రత్యేక గీతం మధ్యలో ఎవరిదో ఫోను కాల్ స్పీకర్లలో మోగితే ఎంత ఇబ్బందో చెప్పనక్కరలేదు. మూడవది, బ్లూటూత్ వాడవద్దు. బ్లూటూత్‌లో శబ్దం కొంత ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం సెకనులో అయిదవ వంతు ఉన్నదనుకోండి. నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడిచే పాటలో ఒక్కొక్క దెబ్బ అర సెకను మాత్రమే. అంటే తాళం దాదాపు సగం దెబ్బ వెనుకబడుతుంది. తీగ ఉంటే ఈ బాధ లేదు.

ఈ మొదటి మెట్టులో లోటు ఒక్కటే. సంగీతమంతా ఒకే తీగలో వెళ్తుంది గనుక సభాస్థలంలో వేణువును, బేస్‌ను వేర్వేరుగా సరిచేయలేము. అయినా దీనికి ఒక ఉపాయముంది. ఒకే పాటను రెండు మూడు రకాలుగా సిద్ధం చేసి ఉంచుకోండి: డోలక్‌తో ఒకటి, డోలక్ లేకుండా ఒకటి, కోరస్ లేకుండా ఒకటి. ఆ రోజు ఎవరు వచ్చారో చూసి తగినది వేసుకోవచ్చు. ఈ పద్ధతిలో ఒక సంవత్సరం పాడిన తరువాతనే రెండవ మెట్టు గురించి ఆలోచించమని మా సలహా.

రెండవ మెట్టు: నాలుగు తీగలు. దీనికి ఒక ల్యాప్‌టాప్, ఒక 'ఆడియో ఇంటర్‌ఫేస్' కావాలి. ఇంటర్‌ఫేస్ అంటే కంప్యూటర్‌లోని శబ్దాన్ని వేర్వేరు తీగలలోకి పంపే చిన్న పెట్టె. దుకాణంలో అడిగేటప్పుడు చాలామంది పొరపడే చోటు ఇదే. పెట్టె మీద 'రెండు ఇన్‌పుట్, నాలుగు ఇన్‌పుట్' అని పెద్దగా రాసి ఉంటుంది. అవి మైకులు, గిటార్లు లోపలికి పెట్టే రంధ్రాలు. మనకు కావలసినవి బయటికి వచ్చేవి, అంటే అవుట్‌పుట్‌లు. రెండే అవుట్‌పుట్‌లు ఉన్న పెట్టె కొంటే ఫోనుతో చేసిన పనికంటె ఎక్కువేమీ చేయలేము. "దీనిలో వేర్వేరుగా ఎన్ని అవుట్‌పుట్‌లు వస్తాయి?" అని అడిగి, నాలుగు ఉన్నదే తీసుకోండి.

తక్కువ ధరలో దొరికే వాటిలో బెరింజర్ వారి 'యు.ఎం.సి.204 హెచ్.డి.' అటువంటిది. దానికి ఇన్‌పుట్‌లు రెండే గాని అవుట్‌పుట్‌లు నాలుగు. విద్యుత్తును యు.ఎస్.బి. తీగ ద్వారా ల్యాప్‌టాప్ నుండే తీసుకుంటుంది. కరెంటు పోయే ఊళ్లలో ఇది పెద్ద మేలు. స్పీకర్లకు కరెంటు పోయినా జనరేటరు పెట్టేలోగా మన యంత్రం ఆగిపోయి మొదటికి రాదు. దానికి అన్న వంటిది 'యు.ఎం.సి.404 హెచ్.డి.' ఇన్‌పుట్‌లు, అవుట్‌పుట్‌లు నాలుగేసి. ఫోకస్‌రైట్ వారి 'స్కార్లెట్ 4ఐ4' కూడ నాలుగు అవుట్‌పుట్‌ల పెట్టెయే, ధర కొంత ఎక్కువ. ధరలు నెలనెలా మారుతుంటాయి గనుక కొనేముందు రెండు మూడు చోట్ల విచారించుకొనండి.

ల్యాప్‌టాప్ ఖరీదైనది కానక్కరలేదు. ఎనిమిది ట్రాకులు వినిపించడం కంప్యూటర్‌కు బరువైన పని కాదు. బ్యాటరీ బాగుండి, నమ్మకంగా నడిచే పాతదైనా చాలు. సాఫ్ట్‌వేర్‌లలో 'రీపర్' అనేది 60 రోజులు పరీక్షించి చూసుకోనిస్తుంది. తరువాత చిన్న బృందాలకు దాని లైసెన్సు 60 డాలర్లు. దానిలో ప్రతి ట్రాకు ఏ తీగలోకి వెళ్లాలో విడిగా చెప్పవచ్చు.

నాలుగు తీగలు ఎలా పంచుకోవాలి? ఒక పద్ధతి చెప్పుతాము. ఒకటవ తీగలో తాళవాద్యాలు, బేస్. రెండవ తీగలో వేణువు, వయొలిన్ల వంటివి. మూడవ తీగలో క్లిక్. నాలుగవ తీగలో కోరస్. పల్లెలలో బూర మైకులు వాడే చోట ఈ విభజన ఎంత ఉపయోగమో మీకే తెలుస్తుంది. బూర మైకు లోతైన బేస్ స్వరాలను పలికించలేదు. బేస్ ఎక్కువగా పంపితే మాటలు కూడ మసకబారుతాయి. అక్కడ ఒకటవ తీగను తగ్గిస్తే చాలు, పాట మాటలు తేటగా వినబడతాయి. పెద్ద బాక్సులున్న చోట మళ్లీ పెంచుకోవచ్చు.

ల్యాప్‌టాప్‌తో నాలుగు జాగ్రత్తలు. అప్‌డేట్‌లు, నిద్రావస్థ ఆపివేయాలి. కంప్యూటర్ చేసే 'టింగ్' శబ్దాలను మూసివేయాలి. ఇంటర్‌నెట్ తీసివేయాలి. సాఫ్ట్‌వేర్‌లో 'బఫర్' అనే చోట పెద్ద అంకె, 512 గాని 1024 గాని పెట్టాలి. స్టూడియోలో చిన్న అంకె పెడతారు, ఎందుకంటే అక్కడ కంప్యూటర్ గుండా వాయిస్తారు. మనం వినిపించడమే గాని దాని గుండా వాయించము గనుక పెద్ద అంకె వల్ల నష్టం లేదు. శబ్దం పిట్‌పిట్‌మని తెగకుండా ఉంటుంది.

టాబ్లెట్ ఉన్నవారికి 'ప్లేబ్యాక్', 'ప్రైమ్' వంటి యాప్‌లు ఉన్నాయి. అవి వాడడం సులువే. చందా కట్టవలసిన సౌకర్యాలేవో, ఉచితమైనవేవో ముందే చూసుకొనండి. టాబ్లెట్ అయినా నాలుగు తీగలు కావాలంటే ఇంటర్‌ఫేస్ కావలసిందే. పాటలు ఇంటి వద్దనే దింపుకొని ఉంచుకోవాలి. సభాస్థలంలో సిగ్నల్ మీద ఆధారపడరాదు.

మూడవ మెట్టు: పెద్ద పెట్టెలు. ఉదాహరణకు జూమ్ కంపెనీవారి 'లైవ్‌ట్రాక్ ఎల్-12'. అదే మిక్సర్, అదే రికార్డరు, అదే 12 ట్రాకులు వినిపించే యంత్రం. అయిదుగురికి అయిదు రకాలుగా హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది, క్లిక్ కూడ దానిలోనే ఉంది. కంప్యూటర్ అక్కరలేదు. చాల మంచి వస్తువే. కాని దాని ఖరీదు చిన్న ఇంటర్‌ఫేస్‌కు ఎన్నో రెట్లు. వారం వారం పాడుతూ, సొంత మిక్సర్ కూడ కావలసిన పెద్ద సంఘాలు నాలుగైదు కలిసి కొనుక్కుంటే తగును. ఏడాదికి ఆరు సభలలో పాడే బృందానికి అవసరం లేదని మా అభిప్రాయం.

యంత్రం ఏదైనా, ట్రాకులు సరిగా లేకపోతే ఖర్చంతా వృథా. మీ పాటకు సంగీతం చేసిన స్టూడియోవారిని విడివిడి ట్రాకులు అడగండి. ఇలా చెప్పండి: "ప్రతి వాయిద్యం వేరే వేవ్ ఫైలుగా ఇవ్వండి. అన్ని ఫైళ్లూ ఒకే చోట మొదలవ్వాలి. క్లిక్ ఒక ఫైలు కావాలి. అన్నీ 44.1 గాని 48 గాని ఒకే కిలోహెర్ట్జ్‌లో ఉండాలి." వేణువు రెండవ చరణంలోనే వచ్చినా, దాని ఫైలు పాట మొదటి నుండి నిశ్శబ్దంతో మొదలవ్వాలి. అప్పుడే అన్నిటినీ వరుసగా పెట్టగానే కలిసి నడుస్తాయి. 48లో చేసిన ఫైలును, తనంతట మార్చుకోలేని యంత్రంలో 44.1గా నడిపితే పాట నెమ్మదిస్తుంది, శ్రుతి సుమారు ఒకటిన్నర మెట్టు, అంటే కీబోర్డు మీద నలుపు తెలుపు కలిపి లెక్కించిన మెట్లలో, దిగిపోతుంది. కీబోర్డు ఒక శ్రుతి, ట్రాకు ఒక శ్రుతి అవుతాయి. ఎం.పి.3గా మార్చేటప్పుడు ఫైలు మొదట కొంచెం నిశ్శబ్దం చేరుతుంది గనుక, ఒకటి వేవ్, ఒకటి ఎం.పి.3 కలపవద్దు.

స్థలం గురించి భయం వద్దు. వేవ్‌లో ఒక మోనో ట్రాకు నిమిషానికి 5 మెగాబైట్లకు కొంచెం ఎక్కువ. అయిదు నిమిషాల పాట, ఎనిమిది ట్రాకులు అయితే సుమారు 210 మెగాబైట్లు. పది పాటలకు రెండు గిగాబైట్ల పైచిలుకు. చిన్న పెన్‌డ్రైవ్‌లో కూడ పట్టే ఈ పాటలకు రెండవ ప్రతి తీసి వేరే చోట ఉంచండి.

క్లిక్ ట్రాకులో మీ స్వరంతోనే మాటలు కూడ చేర్చుకోవచ్చు. మొదట "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని, తరువాత "పల్లవి", "చరణం", "ఆపండి" అని. వాయించేవారికి ఇది చెయ్యి పట్టుకొని నడిపించినట్లుంటుంది.

కేబుళ్ల దగ్గర పొదుపు చేయవద్దు. వేదిక మీది నుండి దూరంగా ఉన్న మిక్సర్‌కు మామూలు కేబుల్ లాగితే గుయ్‌మనే శబ్దం చేరుతుంది. అటువంటి చోట 'డి.ఐ. బాక్స్' అనే చిన్న డబ్బా మధ్యలో పెట్టి మైకు కేబుల్‌తో పంపాలి. ఛార్జరు పెట్టగానే గుయ్‌మంటే, పాట అయ్యేవరకు ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి చూడండి. సభకు వెళ్లేటప్పుడు ప్రతి కేబుల్‌కు ఒక జత అదనంగా సంచిలో ఉండాలి. మైకు సెట్టు అబ్బాయికి ముందుగా వెళ్లి ఏ తీగలో ఏముందో మర్యాదగా చెప్పండి. తీగలకు రంగు టేపు చుట్టి పేర్లు రాస్తే ఇంకా మంచిది.

చివరిగా అన్నిటికంటె ముఖ్యమైన మాట. ట్రాకు ఎవరి కోసమూ ఆగదు. సంఘమంతా కలిసి పాడేటప్పుడు పెద్దవారొకరు కన్నీళ్లతో పల్లవిని మళ్లీ ఎత్తుకుంటారు. అప్పుడు డోలక్ ఆగి వారిని అందుకుంటుంది, హార్మోనియం వారి వెంట నడుస్తుంది. ట్రాకు మాత్రం తన చరణంలోకి తాను వెళ్లిపోతుంది. అందుచేత అందరూ కలిసి పాడే పాటలను వాయించేవారి చేతులకే విడిచిపెట్టండి. బృందం సిద్ధపడి పాడే ప్రత్యేక గీతాలకే ట్రాకును ఉంచండి.

అభ్యాసం చేసేటప్పుడు ప్రతిసారీ ఒక పని చేయండి. పాట మధ్యలో, ఎవరికీ చెప్పకుండా, ఒకరు ట్రాకును ఆపివేయాలి. బృందం ఆగకుండా డోలక్, కీబోర్డులతోనే పాటను చివరి వరకు పాడగలగాలి. ఆ పరీక్షలో నిలిచిన బృందం ఏ యంత్రంతోనైనా ధైర్యంగా వేదిక ఎక్కవచ్చు. నిలవకపోతే, కొనవలసినది యంత్రం కాదు. ఆ డబ్బుతో ఒక కొత్త డోలక్ కొని, నేర్చుకోవాలని ఎదురుచూస్తున్న చిన్న తమ్మునికో చెల్లెలికో నేర్పించండి. ట్రాకు సంగతి వచ్చే సంవత్సరం చూసుకోవచ్చు.